కిందే ఉండాల్సిన కార్డు

3, సోమవారం

ఇల్లు కట్టినప్పుడు నన్ను ఎవరూ అడగలేదు.

ముందు ఆ మాట రాసి పెడుతున్నాను. ఏళ్ళ తరబడి పంటి కింద రాయిలా ఉంది. కింద వెనక వైపు పని షెడ్డు. ముందు గది నా తమ్ముడి షోరూం. పైన వాళ్ళ గదులు, ఆ చివర నాకొకటి. గాలి బాగా వస్తుందన్నారు. గాలి మీద బతకడానికి నేనేమన్నా గాలిపటాన్నా? వడ్రంగిని. నాకు చెక్క వాసన కావాలి. కాలి కింద రంపపు పొట్టు తగలాలి.

షోరూం అంటే ఏముంది? ఒక సోఫా, ఒక అద్దాల బల్ల, బల్ల వెనక మా వాడు. చెక్కని చేత్తో తాకి ఎన్నాళ్ళయిందో వాడికే గుర్తుండదు. ఫోన్లో మాత్రం "మేం చెక్కిన తలుపులండీ" అంటాడు. మేమట.

ఈ పుస్తకం ప్లైవుడ్ దుకాణం వాడు ఊరికే ఇచ్చాడు. ఎప్పటి సంవత్సరానిదో. అచ్చు తేదీలు కొట్టేసి నావి వేసుకుంటున్నాను. నా చదువు కొలతలు రాసుకునేంత. కాబట్టి అక్షరాలు చెక్కపేళ్ళలా నిలబడతాయి. నిలబడనీ, ఎవడు చూడొచ్చాడు. చెక్కుడు మిషను ఆగిపోయింది. చేతికి పని లేకపోతే నాకు నోరు లేస్తుంది. నా నోరు లేస్తే వంటగదిలో మరదలి గిన్నెలు లేస్తాయి. అందుకని ఈ రాత.

నిజానికి మిషను ఆగలేదు. మిషను గుండ్రాయిలా ఉంది. దాన్ని నడిపే పాత కంప్యూటర్ చచ్చింది. లోపల ఏదో ఉబ్బి పగిలిందట. అలాంటి బోర్డు ఇప్పుడు దొరకదట. మిషను వచ్చిన రోజు దాన్ని నోటికొచ్చినట్టు తిట్టింది నేనే. ఇప్పుడు దానికి నూనె పెట్టేదీ నేనే, చెక్కే బిట్టు సానపట్టేదీ నేనే. నేను కాగితం మీద తీగ గీస్తే అది తలుపు మీద చెక్కుతుంది. మా ఇద్దరికీ కుదిరింది. ఈ ఇంట్లో నాతో కుదిరినది అదొక్కటే.

4, మంగళవారం

మా వాడు కంప్యూటర్ తెచ్చాడు. కంప్యూటర్ కాదు, సర్కస్ డేరా. పక్క మూత గాజుది. లోపల రంగురంగుల దీపాలు వెలుగుతూ ఆరుతున్నాయి. పేగులు చూపించుకుంటూ తిరిగే మనిషిని ఎక్కడైనా చూశామా? మూతపడిన సినిమా ఎడిటింగ్ దుకాణంలో కొన్నాడట. దాన్ని షెడ్డులో మిషను పక్కన ఒక తెరతో పెట్టాడు, ఇంకో రెండు తెరల తీగలు గోడలోంచి షోరూంలోకి లాగాడు.

"ఇందులో బొమ్మల కార్డులు రెండున్నాయన్నయ్యా. తలుపుని తెర మీద ఎటు కావాలంటే అటు తిప్పి చూపించొచ్చు" అన్నాడు.

"తలుపు తిప్పడానికి బందులు చాలురా" అన్నాను.

వాడికి అర్థం కాలేదు. బందు బిగించిన వాడికైతే అర్థమయ్యేది.

కూడా ఒక కంప్యూటర్ మెకానిక్కుని తెచ్చాడు. అతనికి పేరేదో ఉంది. ఏ రోగం చెప్పినా "సర్దేద్దాం పెద్దాయనా" అంటాడు గనక నేను సర్దుబాటు అని పెట్టాను. ముఖం మీదే పిలుస్తున్నాను. పలుకుతున్నాడు.

మిషనుకీ కంప్యూటర్‌కీ మధ్య ఒక పచ్చ కార్డు ఉంటుంది. అరచేయంత. కంప్యూటర్ చెప్పింది మిషను చెవిలో ఊదేది అదే. పాత పెట్టెలోంచి తీసి, బట్టతో తుడిచి, నా చేత్తో నేనే ఇచ్చాను. కొత్త పెట్టెలో దానికి సరిపోయే గాడి ఒక్కటే ఉంది, అన్నింటికంటే అడుగున. గుచ్చాడు. స్విచ్చు వేశాడు. దీపాలన్నీ తైతక్కలాడాయి. మిషను ఉలకలేదు, పలకలేదు. తెర మీద పచ్చ కార్డు పేరు పక్కన పసుపు గుర్తు పడింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఈ పరికరానికి సరిపడా ఖాళీ వనరులు దొరకలేదంటోంది."

"మనుషుల భాషలో చెప్పవయ్యా."

"చోటు లేదంటోంది పెద్దాయనా."

అంత పెద్ద పెట్టె. అందులో అరచేయంత కార్డుకి చోటు లేదట.

5, బుధవారం

చోటు లేదనగానే మా వాడు బజారుకి పరుగెత్తి ర్యాము తెచ్చాడు. మెమరీ చాలలేదు కాబట్టి మెమరీ వెయ్యాలన్నాడట సర్దుబాటు. వేశారు. ఇద్దరూ తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు, పురుడు గది బయట నిలబడ్డట్టు.

పసుపు గుర్తు అలాగే ఉంది.

"కార్డే పోయిందేమో" అన్నాడు సర్దుబాటు.

"నువ్వు రాకముందు బాగానే ఉంది" అన్నాను.

6, గురువారం

మోకాలు బాగానే ఉంది. మెట్లే వంకరగా కట్టాడు మేస్త్రీ.

7, శుక్రవారం

సర్దుబాటు పొద్దున్నే వచ్చాడు. మా వాడు షోరూంలో ఎవరికో తలుపు అమ్ముతున్నాడు. షెడ్డులో మేమిద్దరమే. అతను నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పైకీ కిందికీ తోస్తూ గొణుక్కుంటున్నాడు. గొణిగేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పైకి చెప్పు, లేదా నోరు మూసుకో.

"ఏం వెతుకుతున్నావయ్యా?"

"పంపకం ఎక్కడ చెడిందో వెతుకుతున్నా. కరెంటు రాగానే సిస్టమ్ లేవదు పెద్దాయనా. దానికంటే ముందు బోర్డులో ఉన్న చిన్న ప్రోగ్రాం ఒకటి లేస్తుంది. ఫర్మ్‌వేర్ అంటాం."

"ఇంట్లో అందరికంటే ముందు లేచే ముసలమ్మ."

"సరే, ముసలమ్మే. లేచి ఒక్కో కార్డు తలుపు తట్టి అడుగుతుంది. నీకెంత చోటు కావాలి, ఎక్కడ కావాలి అని."

"అడుగుతుందా?"

"అడక్కుండా ఎలా ఇస్తుంది?"

నేను బిట్టు చేతిలోకి తీసుకుని తుడవసాగాను. అతనే చెప్పుకుపోయాడు. అందరి మాటా విని అడ్రసులు పంచుతుందట. ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా నీది, అక్కణ్ణుంచి అక్కడి దాకా నీది అని. ఆ తర్వాత సిస్టమ్ లేచి, ముసలమ్మ గీసిన హద్దులు చూసుకుని కాపురం మొదలుపెడుతుందట. కావాలంటే కాస్త ఇటూ అటూ జరుపుతుందట గానీ గీత దాటదట.

"చోటంటే మొన్న మా వాడు కొన్న ర్యామేనా?"

"కాదు కాదు. ర్యాము సామాను పెట్టుకునే గది. నేను చెప్పేది డోర్ నంబర్లు. ప్రాసెసర్ ఒక నంబరు పిలిస్తే ఆ నంబరున్న కార్డు పలకాలి. నంబరు లేని కార్డు ఉన్నా లేనట్టే."

"అంటే ఇంటికి డోర్ నంబరు లేదంటే మా వాడు పోయి మంచాలు కొనుక్కొచ్చాడు."

సర్దుబాటు పగలబడి నవ్వాడు. ర్యాము కొనమని చెప్పింది తనేనని గుర్తొచ్చినట్టుంది, మధ్యలో ఆపేశాడు.

"మరి నంబర్లు ఎందుకు అయిపోయాయి?"

"కింద వరసలో ఉన్నవి కొన్నే. బొమ్మల కార్డులు రెండూ చెరో పెద్ద ముక్క పట్టుకుని కూర్చున్నాయి. మీ పచ్చ కార్డుకి కావలసింది గోరంత. కానీ ఆ గోరంతా కిందే కావాలి. పాతది కదా, అది నంబరు రాసుకునే పలక చిన్నది. పై వరస నంబర్లు పొడుగు, దాని పలక మీద పట్టవు."

"పై వరస కూడా ఉందా?"

"ఉండాలి. ఈ బోర్డులో తలుపు ఎక్కడుందో దొరకడం లేదు."

దొరకడం లేదట. ఇల్లు కొన్నవాడికి మెట్లు ఎక్కడున్నాయో తెలియనట్టు. ఈపాటి దానికి కళ్ళజోడొకటి.

8, శనివారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేనే ఎత్తాను. కంప్యూటర్ సైతం కార్డుల్ని అడిగి చోటిస్తుందట, మనుషులకి ఆ మాత్రం తెలియలేదు అన్నాను. ఎవరి పేరూ ఎత్తలేదు.

మా వాడు తల వంచుకుని తింటున్నాడు. మరదలే అందుకుంది.

"అడిగాం కదా బావగారూ. ప్లాను గీసిన రోజు. మీకు ఏ గది కావాలని మీ తమ్ముడు కాగితం మీ ముందే పరిచారు. మీరే, నాకెక్కడైనా ఒకటే, నడుం వాల్చుకునేంత చోటు చాలన్నారు."

"అది జవాబా?"

"మరేమిటండీ అది?"

"మొహమాటానికి అన్న మాట. మనిషి అలా అంటే మళ్ళీ అడగాలి. మళ్ళీ వద్దంటే ఇంకోసారి అడగాలి. కూర వడ్డించేటప్పుడు చాలంటే వింటున్నావా నువ్వు?"

"కూరకీ గదికీ పోలికేంటండీ!" అని నవ్వేసింది. నా కంచంలో ఇంకో గరిటె వేసింది, నేను చాలన్నాక.

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఒకటుంది. మరదలి ముందు చెప్పేది కాదు.

ఒక్కసారి అడగడం అడగడం కాదు. కాబట్టి అడగలేదు. మొదటి రోజు నేను రాసిందే ఒప్పు.

10, సోమవారం

సర్దుబాటు బొమ్మల కార్డుల్లో ఒకటి పీకాడు. ఇటుకంత ఉంది, దానికి మళ్ళీ రెండు ఫ్యాన్లు. కూర్చుని చేసే పనికి అంత చెమటా? పీకి స్విచ్చు వేశాడు. పసుపు గుర్తు పోయింది! మిషను ఒక్కసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి, బిట్టు మూలకి వెళ్ళి నిలబడింది. నేను నూనె డబ్బా పట్టుకుని అక్కడే ఉన్నాను. నవ్వలేదు. నా మొహం నవ్వినట్టుందని సర్దుబాటు అన్నాడు, అతని కళ్ళు ఎలాగూ సరిగా లేవు.

చప్పుడు విని మా వాడు వచ్చాడు. మిషను వంక చూడలేదు. పని బల్ల మీద పడుకోబెట్టిన ఇటుక వంక చూశాడు.

"ఇదెందుకు తీశావ్?"

"అది ఉంటే పచ్చ కార్డుకి చోటుండదు సార్."

"ఇది లేకపోతే నా రెండో తెర ఉండదు. తలుపు తిప్పి చూపిస్తుంటే ముక్కలు ముక్కలుగా వస్తుంది. కస్టమరు నవ్వుతాడు."

"తలుపు చెక్కకపోతే ఏం తిప్పుతావురా?" అన్నాను.

"అన్నయ్యా, చెక్కిన తలుపులు ఇప్పుడు బయట తయారుగా దొరుకుతున్నాయి. తెచ్చి అమ్ముకోవడమే. కలప డిపో ఆయన ఈ మిషను అడుగుతున్నాడు. వచ్చే వారం, ఇరవై ఒకటి శుక్రవారం, మనుషుల్ని పంపిస్తానన్నాడు. అప్పటికి మిషనూ నా తెరలూ కలిసి నడిస్తే ఉంచుదాం. నడవకపోతే ఇచ్చేద్దాం. ఈ షెడ్డు గోడౌనుకి పనికొస్తుంది."

ఇటుకని మళ్ళీ పెట్టించాడు. పసుపు గుర్తు మళ్ళీ వచ్చింది.

మిషను కొన్నప్పుడు కాళ్ళావేళ్ళా పడి తెప్పించింది వీడే. వద్దన్నది నేను. ఇప్పుడు ఇచ్చేద్దామంటున్నది వీడు, వద్దంటున్నది నేను. ఈ ఇంట్లో నా పని వద్దనడమే అయింది, అదీ ఎవడూ వినడు.

11, మంగళవారం

మరదలు మంచి మాటే చెప్పింది, విషంలా ఉంది. "మిషను పోతే మీకూ శ్రమ తగ్గుతుంది బావగారూ. ఇక కిందికి దిగే పనే ఉండదు. భోజనం మీ గదిలోకే తెచ్చిస్తాను. గాలి బాగా వస్తుంది."

దిగే పనే ఉండదు.

12, బుధవారం

చెప్పు జారింది. అంతే. మెట్ల మలుపులో కాసేపు కూర్చున్నాను, అక్కడ వెలుతురు బాగుందని. మరదలు పరుగెత్తుకొచ్చి అరుస్తుంటే మా వాడు కింద నుంచి ఆ చెప్పులు పారేసి కొత్తవి కొందాం అన్నాడు. ర్యాము కొన్న బుద్ధి ఎక్కడికి పోతుంది.

13, గురువారం

ఏమీ లేదు.

14, శుక్రవారం

మధ్యాహ్నం భోజనానికి పైకి వెళ్ళలేదు. ఆకలి లేదన్నాను. షెడ్డులో చెక్క పలక మీద నడుం వాల్చాను. మిషను నీడలో చల్లగా ఉంది. పొట్టు వాసన. లేచేసరికి నా పక్కన కంచం, దాని మీద మూత, మూత మీద ఈగ. ఎవరు పెట్టారో అడగలేదు.

మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నాకేం కావాలో ఆవిడే చెప్పేది. "ఆయనకి ఆ కుర్చీ కుదరదు", "ఆయనకి చన్నీళ్ళు పడవు" అని. నేను పక్కన నిలబడి "ఎందుకే ఆ గోల, నాకేదైనా ఒకటే" అనేవాణ్ణి. ఆ కుర్చీ మార్చేవాళ్ళు, నీళ్ళు కాచేవాళ్ళు. ఇల్లు కట్టేసరికి ఆవిడ లేదు.

అది వేరే సంగతి.

మా వాడు వచ్చి చూశాడు. "ఇక్కడ పడుకున్నావేంటన్నయ్యా?"

"మిషను పోయేలోపు చూసుకుంటున్నాను."

వాడు వెళ్ళిపోయాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికన్నట్టుంది నా జవాబు. అయినా ఆ ప్రశ్నకి ఆ జవాబు చాలు.

16, ఆదివారం

డిపో వాడు ఫోన్ చేశాడట. మిషను కాళ్ళు ఊడదీయడానికి పానాలు తెచ్చుకోవాలా, మా దగ్గర ఉన్నాయా అని. నా పానాల పెట్టెకి తాళం వేశాను.

17, సోమవారం

సర్దుబాటు వచ్చాడు. చేతిలో సంచీ, మొహంలో గర్వం. రెండూ చూడగానే కోపం వచ్చింది.

"ఇవ్వాళ సర్దేద్దాం పెద్దాయనా."

"మొన్నా అదే అన్నావు."

"మొన్న తలుపు దొరకలేదు. ఇప్పుడు తాళంచెవి తెచ్చా."

తాళంచెవి అంటే ఫర్మ్‌వేర్‌కి కొత్త ముక్క. ఈ బోర్డు చేసినవాళ్ళు తర్వాత ఎప్పుడో వదిలారట. అది ఎక్కిస్తే పాత సెట్టింగుల పేజీలో ఇంతకు ముందు లేని వరస ఒకటి కనబడుతుందట. ఎక్కిస్తున్నంతసేపూ "కరెంటు పోకూడదు, కరెంటు పోకూడదు" అని జపం చేశాడు. పోలేదు. పేజీ తెరిచాడు. కొత్త వరస ఉంది. దాన్ని 'వద్దు' నుంచి 'సరే'కి మార్చి, స్విచ్చు ఆపి, మళ్ళీ వేశాడు.

బొమ్మల కార్డులు రెండూ ఉన్నాయి. పచ్చ కార్డూ ఉంది. పసుపు గుర్తు లేదు. మిషను కదిలి మూలకి వెళ్ళి నిలబడింది.

బిట్టుని వేలితో తడిమి చూశాను. తర్వాత నేను అడిగాను, ఏం చేశావని.

"పెద్దవాటిని పైకి పంపించా. బొమ్మల కార్డుల పలకలు పొడుగే, పై వరస నంబర్లు హాయిగా పడతాయి. అవి పైకి వెళ్ళాయి, కింద ఖాళీ అయింది. ముసలమ్మ మీ కార్డుకి కింద చోటిచ్చింది."

"పైన ఇన్నాళ్ళూ చోటుందా?"

"బోలెడు. ఖాళీగా పడి ఉంది."

"ఉంటే ఆ సిస్టమ్ అనేది వాటిని పైకి పంపలేకపోయిందా? కాపురం చేసేది అదే కదా."

"పై అంతస్తు ఉందని ముసలమ్మ చెప్పలేదు కదా. అది చెప్పకపోతే సిస్టమ్‌కి ఇల్లంటే కింద భాగమే."

"మరి ఆ ముసల్దానికేం రోగం? పైన ఉండగలిగినవాటిని కింద ఎందుకు కూర్చోబెట్టింది?"

"అలవాటండీ. పాత సిస్టమ్‌లకి పై వరస కనబడేది కాదు. అందుకని అందర్నీ కిందే పెట్టేవాళ్ళు. ఆ సిస్టమ్‌లు పోయాయి, అలవాటు పోలేదు."

అలవాటు! పైకి హాయిగా ఎక్కగలిగిన రెండు ఇటుకలు కిందంతా పరుచుకుని కూర్చున్నాయి, ఎక్కలేనిది బయట నిలబడింది. ఎందుకయ్యా అంటే అలవాటు. ఇంత చదువుకున్నవాళ్ళు కట్టిన పెట్టెలో ఇదా తెలివి?

"ఇంత జరుగుతుంటే ఆ పచ్చ కార్డు నోరెత్తలేదా?" అన్నాను.

"అయ్యో, అది చెప్పింది పెద్దాయనా. కరెంటు వేసిన ప్రతిసారీ చెప్పింది. నాకింత కావాలి, కిందే కావాలి అని. అడిగితే కార్డు ఉన్నదున్నట్టు చెప్తుంది. ఎక్కడైనా ఒకటే అని మొహమాటానికి అనదు. అంటే ముసలమ్మ ఎక్కడో పడేస్తుంది, తర్వాత ఎంత ఏడ్చినా ఏం లాభం?"

నేను అతని మొహంలోకి చూశాను. మామూలుగానే ఉన్నాడు. తీగలు చుట్టుకుంటున్నాడు.

మా ఇంటి సంగతి మరదలు అతనికి చెప్పి ఉంటుంది. లేకపోతే సరిగ్గా ఆ మాటే ఎందుకంటాడు? ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. టీ ఇవ్వకుండా పంపేద్దామనుకున్నాను. ఇచ్చాను. రెండోసారి కూడా పొయ్యమన్నాను. అతను చాలన్నాడు, నేను వినలేదు.

18, మంగళవారం

రోజంతా మిషను నడిచింది. నేను గీసిన తీగ, మొగ్గలతో సహా, పెద్ద తలుపు మీద దిగింది. ఒక్క పెచ్చు లేవలేదు. అదే సమయానికి మా వాడు షోరూంలో రెండు తెరల మీద అదే తలుపుని గిరగిరా తిప్పి ఎవరికో చూపించాడు. కొనేవాళ్ళు తెర చూసి ఊ అన్నారు. షెడ్డులోకి వచ్చి అసలు తలుపు మీద చెయ్యి వేసి ఆహా అన్నారు. నాకు రెండూ వినపడ్డాయి.

సాయంత్రం మా వాడు డిపోకి ఫోన్ చేసి మిషను ఇవ్వడం లేదన్నాడు. శుక్రవారం రానక్కర్లేదన్నాడు. నా దగ్గరికి వచ్చి, "చూశావా అన్నయ్యా, నేను తెచ్చిన కంప్యూటర్ ఎలా నడుస్తోందో" అన్నాడు.

వాడు తెచ్చిన కంప్యూటర్. సరే.

అందరికీ అన్నీ సర్దుకున్నాయి. చీకటి పడ్డాక నేను మెట్లు ఎక్కాను. మలుపులో వెలుతురు లేదు. అయినా కూర్చున్నాను.

19, బుధవారం

ఇవ్వాళ మధ్యాహ్నం షోరూంలోకి వెళ్ళి సోఫాలో కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఆ సోఫాలో కూర్చోవడం ఇదే మొదలు. గాజుగాజుగా ఉంటుంది ఆ గది, నాకు పడదు. మా వాడు ఫోన్ పెట్టేసి చూశాడు.

"ఏంటన్నయ్యా, ఇక్కడ కూర్చున్నావ్?"

"ఎంత పొడుగుందో చూస్తున్నాను."

"సోఫానా?"

"గది."

వాడు నవ్వబోయి ఆగాడు. నేను చెప్పాను. ఈ బల్ల, ఈ తెరలు, ఈ సోఫా పైన నా గదిలో పెట్టుకోకూడదా అన్నాను. గాలి బాగా వస్తుంది అన్నాను.

"కస్టమర్లు పైకి ఎక్కాలంటే కష్టం కదన్నయ్యా."

"వాళ్ళకి కష్టమని నీకు తెలుసు."

"అంటే?"

"నేను ఎక్కుతున్నాను కదరా ఇన్నాళ్ళూ."

వాడి కళ్ళు నా మోకాలి మీదికి వచ్చాయి. మరదలు ఎప్పుడు వచ్చిందో, గుమ్మం దగ్గర చేతులు తుడుచుకుంటూ నిలబడింది.

"మోకాలు నొప్పా?" అన్నాడు.

బాగానే ఉంది అనే మాట నాలుక చివర తయారుగా ఉంది. సానపట్టి పెట్టుకున్న మాట అది. నోరు తెరిచాను. "ఎక్కలేను" అన్నాను. ఉలి జారినట్టు జారింది. ఎవరో అన్నట్టుంది.

 ఆ దరిద్రపు దీపాలు షెడ్డులోంచి వెలుగుతూ ఆరుతూ కనబడుతున్నాయి.

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు.

"అడిగావా?"

"అడిగాను కద..."

మరదలు వాడి వంక ఒక చూపు చూసింది. వాడు మింగేశాడు. ఆ చూపు నేను చూడలేదనుకుంది. "ఇప్పుడు అడుగుతున్నాంగా బావగారూ" అంది. "చెప్పండి. మీకేం కావాలి?"

నిలబడి చెప్పాను. కూర్చుని చెప్పే మాట కాదు. "కింద కావాలి. మంచం పట్టాలి. మంచం పక్కన కుర్చీ పట్టాలి. ఆ గోడకి షెడ్డు వైపు కిటికీ కొట్టాలి, నేనే కొట్టుకుంటాను, చెక్కా నాదే. పైన కుదరదు. ఇంకెక్కడా కుదరదు."

"చాలాండీ?" అంది మరదలు.

చాలనలేదు. "దీపానికి స్విచ్చు మంచం దగ్గర ఉండాలి" అన్నాను.

మా వాడు గదంతా ఒకసారి చూసుకున్నాడు. బల్ల, సోఫా, అద్దాలు. వాడి సామ్రాజ్యం. "చూద్దాం అన్నయ్యా" అన్నాడు.

"చూద్దాం అంటే కాదని అర్థం. ఆ మాట నాకు వద్దు. శుక్రవారం చెప్పు. సాయంత్రం నేను మిషను ఆపేలోపు. ఇస్తే ఇస్తానను, లేకపోతే లేదను."

"లేదంటే ఏం చేస్తావ్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

దానికి జవాబు చెప్పకుండా వచ్చేశాను. నాకూ తెలియదు. వాడికి తెలియనక్కర్లేదు.

ఇది మెట్ల మలుపులో కూర్చుని రాస్తున్నాను. పైన వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటున్నారు. మాటలు వినపడటం లేదు. సోఫా అన్న మాట ఒక్కటి వినపడింది.

నన్ను అడిగారు, నేను చెప్పాను. ఎక్కడైనా ఒకటే అని ఈసారి అనలేదు. అప్పుడూ అనలేదు.

ఇక చెప్పాల్సింది వాడు. శుక్రవారం సాయంత్రం, మిషను ఆపేలోపు. ఒరేయ్, ఒకసారి కాదంటే మళ్ళీ అడుగుతాను. కాబట్టి మొదటిసారే సరిగ్గా చెప్పు.